నేనే కూర్చోబెట్టిన పెద్ద మేనేజర్

మా కంపెనీకి కొత్త సీఈఓను ఎంచిన కమిటీలో నేనూ ఒకదాన్ని. ఈ సంగతి ఎవరికైనా చెబితే "అబ్బో" అంటారు. ఆ అబ్బో విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

సీఈఓ అనే మాటను మా పెద్దసారు ఏనాడూ పలకలేదు. "పెద్ద మేనేజర్" అనేవారు. కంపెనీ ఆయన కట్టినది. వయసులో ఉన్నప్పుడు వేములవాడ జాతరలో చేత్తో తిప్పే రంగులరాట్నం పెట్టుకొని బతికిన మనిషి. రాట్నాన్ని లారీకెక్కించుకొని జాతర నుంచి జాతరకు తిరిగి తిరిగి, చివరికి కరీంనగర్ బయట భూమి కొని పార్కు కట్టారు. జెయింట్ వీల్, నీళ్ళ జారుడుబండలు, చీకటి గుహ, పిల్లల రైలు. జనం విరగబడి వచ్చారు. తర్వాత ఒకదాని వెనుక ఒకటి తెలంగాణలోనూ మహారాష్ట్రలోనూ పార్కులు లేచాయి. వాటిల్లో ఇచ్చోడ దగ్గర హైవే మీద ఉన్నది అన్నింటికంటే చిన్నది. నాకు అన్నింటికంటే ఇష్టమైనదీ అదే.

నేను చేరింది కరీంనగర్ పార్కులో, మైకు దగ్గర. తప్పిపోయిన పిల్లల ఆనవాళ్ళు చెప్పడం నా ఉద్యోగం. "ఎర్ర గౌను వేసుకున్న పాప మా దగ్గరుంది, ఏడుస్తోంది, తొందరగా రండి" అని రోజంతా పిలిచేదాన్ని. బెల్లంపల్లి నుంచి వచ్చిన మెథడిస్టు పిల్లను, చర్చిలో పాటలు పాడిన గొంతు, అది విని పెట్టుకున్నారు. మైకు నుంచి టికెట్ల దగ్గరికి, అక్కడి నుంచి సిబ్బంది వ్యవహారాలకు, ఆఖరికి అన్ని పార్కుల నడక చూసే జనరల్ మేనేజర్ దాకా వచ్చాను. కరోనా కాలంలో పార్కులు మూతపడితే, తుప్పు పట్టకుండా ఖాళీ రాట్నాలను వారం వారం తిప్పించింది నేను. కాపలావాళ్ళకు పిచ్చెక్కకుండా జనం లేని పార్కులో పాటలు పెట్టించింది నేను. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు అని రాయబోయాను. గొప్ప కోసమే చెబుతున్నాను, అబద్ధం ఎందుకు?

పెద్దసారు మొదటి నుంచీ నన్ను "బిడ్డా" అనే పిలిచేవారు. మిగతా మేనేజర్లను పేరు పెట్టి పిలిచేవారు, కోపం వస్తే "ఏమయ్యా" అనేవారు. నన్ను మాత్రం కోపంలోనూ బిడ్డా అనే. ఆ ఒక్క పిలుపుతో నేను ఎన్ని క్రిస్మస్‌లు పార్కు గేటు దగ్గర గడిపానో మా ఇంట్లోవాళ్ళకు తెలుసు. మస్కట్‌లో పనిచేసే మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడు కూడా, "నీ 'బిడ్డా' పిలుపు వచ్చింది, పో" అని ఎగతాళి చేసేవాడు. నేను నవ్వి పోయేదాన్ని.

రెండేళ్ళ కిందట పెద్దసారుకు గుండె ఆపరేషన్ అయింది. ఇక తిరగవద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. ఆయనకు ఇద్దరు కొడుకులు. కంపెనీ నాకంటే నాకని ఇద్దరూ ఆసుపత్రి వరండాలోనే మొదలుపెట్టారు. ఒకరికిస్తే ఇంకొకరు కోర్టుకు పోయేలా ఉన్నారు. అప్పు ఇచ్చిన బ్యాంకువాళ్ళు కూడా, ఎవరో ఒకరిని తొందరగా కూర్చోబెట్టండి అని వెంటపడ్డారు. అప్పుడు పెద్దసారు నన్ను ఇంటికి పిలిపించారు.

"బిడ్డా, జర కూసో. గీ ఇద్దరు పోరగాళ్ళు నన్ను పరేషాన్ జేస్తున్నరు. గందుకే కుర్సీల బయటోన్ని కూసోబెడ్దామనుకుంటున్న. మంచోన్ని ఎతుకుదాం. నువ్వు కమిటీల ఉండాలె. నువ్వు లేకుంటే నాకు ఏం తెల్వది."

నేను సరేనన్నాను. బయటికి వచ్చి కారెక్కేలోపు నా మనసు ఒక కథ అల్లేసుకుంది. మా దగ్గర పిల్లకు పెళ్ళి చేయాలంటే మొదట పది బయటి సంబంధాలు చూస్తారు. చూసి, వంకలు పెట్టి, తిరిగి తిరిగి మేనబావ దగ్గరికే వస్తారు. ఇదీ అంతేననుకున్నాను. బ్యాంకువాళ్ళ కళ్ళ కోసం హైదరాబాద్ నుంచి నలుగురిని పిలుస్తారు, ఒకరికి మన ఎండ పడదు, ఇంకొకరికి మన జనం పడరు, చివరికి పెద్దసారు నా వైపు తిరిగి "ఇగ నువ్వే బిడ్డా" అంటారు. అంతవరకు నేను నోరు తెరవకూడదు. మా దగ్గర పదవిని ఎవరూ నోటితో అడగరు, ఇచ్చేదాకా ఆగుతారు, ఇస్తే మొదట వద్దంటారు. ఆ వద్దు అనడం కూడా నేను మనసులో ఒకటి రెండుసార్లు అని చూసుకున్నాను.

ఇది నా ఒక్కదాని పిచ్చి కూడా కాదు. టికెట్ల దగ్గరి ఆడవాళ్ళు అప్పటికే నన్ను చూసి లేచి నిలబడడం మొదలుపెట్టారు. బెల్లంపల్లిలో మా బాపు, బొగ్గుబాయిలో చేసి చేసి రిటైరైన మనిషి, చర్చిలో పాస్టరుగారికి చెప్పేశాడు. "మా బిడ్డ పెద్ద కుర్సీ ఎక్కుతది, జర ప్రార్థన జేయుండ్రి" అన్నాడట. నేను ఫోనులో కోప్పడ్డాను. కోప్పడుతూనే సంతోషపడ్డాను. మా బాపు తన సర్వీసంతా మేనేజర్లతో కొట్లాడినవాడు. సమ్మె అంటే ముందు వరసలో ఉండేవాడు. తన ఇంట్లోంచి ఒక మేనేజరు, అదీ అందరి మీది మేనేజరు వస్తే ఆ ముసలాయన మొహం ఎలా ఉంటుందో చూడాలని నాకు ఉండేది. ఉద్యోగం నాకు కావాలి, జీతం కోసం కాదు. నేను పెంచినదాన్ని ఇంకొకరు చెడగొట్టకుండా చూసుకునే అధికారం కావాలి. అంతే కావాలి, అదే కావాలి.

కమిటీలో పెద్దసారు, ఆయన పాత ఆడిటరు, బ్యాంకు తరఫున ఒకాయన, నేను. మనుషులను వెతికిపెట్టే హైదరాబాద్ సంస్థ నుంచి ఒక అమ్మాయి వచ్చి "విజన్" అనే మాటను ఉప్పు చల్లినట్టు ప్రతి వాక్యం మీదా చల్లి పోయేది. ముగ్గురిని ఏరింది. వాళ్ళను ఏం అడగాలో రాసింది నేను. వాళ్ళకు హోటల్ గదులు చూసింది నేను. పార్కులు తిప్పి చూపించడం కూడా నాకే పడింది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చే ఆడబిడ్డ ఉంటుంది చూడండి, ఆ పని నాది. అప్పుడు నాకు అలా అనిపించలేదు. అంతా నా చేతిలో ఉందనిపించింది.

మొదటాయన మాల్స్ నడిపినవాడు. కరీంనగర్ పార్కులో అరగంట ఎండకే నీడ వెతుక్కున్నాడు. రెండో ఆవిడ ముంబై నుంచి వచ్చింది, తెలివైనది, కానీ ఫోను చెవి నుంచి దించలేదు. లోలోపల నేను ఇద్దరి పేర్లూ కొట్టేశాను. మూడో ఆయన హోటళ్ళ వ్యాపారంలోంచి వచ్చాడు, నాకంటే చిన్నవాడు. ఇచ్చోడ పార్కు చూస్తానన్నాడు. ముందు వచ్చిన ఇద్దరూ దాని ఊసెత్తలేదు, ఈయనే అడిగాడు.

ఆదివారం పూట పోయాం. గేటు దగ్గర యవత్మాల్ వైపు నుంచి జీపులో వచ్చిన ఒక పెద్ద కుటుంబం నిలబడి ఉంది. వాళ్ళ చేతుల్లో భాకరి అనే జొన్నరొట్టెల మూటలు, చట్నీ డబ్బాలు. బయటి తిండి లోపలికి రానివ్వకూడదని కంపెనీ నిబంధన. గేటు మనిషి డబ్బాలు బయట పెట్టమంటున్నాడు. ముసలమ్మ ఒకామె మరాఠీలో తిడుతోంది. చివరికి అందరూ జీపెక్కి వెళ్ళిపోయారు.

"మేడం, ఇక్కడ అన్నింటికంటే పెద్ద సమస్య ఏమిటి?" అని ఆయన అడిగాడు.

అతిథి కదా, చెప్పాను. "ఇప్పుడు మీరు చూసిందే. వీళ్ళు పొద్దున వండుకొని దూరం నుంచి వస్తారు. వాళ్ళ తిండి లోపలికి రానిస్తే రోజంతా ఉంటారు, పిల్లలు ఐస్‌క్రీమ్ అడుగుతారు, వచ్చే ఏడు మళ్ళీ వస్తారు. మనం డబ్బా ఆపి మనిషిని పోగొట్టుకుంటున్నాం. చాలా ఏళ్ళుగా చెబుతున్నాను." ఇంకో సంగతి కూడా చెప్పాను. ఎండాకాలం గాలిదుమారం లేస్తే జెయింట్ వీల్ ఆపాలి. అప్పుడు వరసలో నిలబడ్డ జనం కొట్లాటకు వస్తారు. అందుకని వీల్ ఆపడానికి ముందే వరసను వెనుక నుంచి మూయాలి, కొత్తవాళ్ళను చేరనివ్వకూడదు, ఉన్నవాళ్ళకు మజ్జిగ ఇచ్చి మైకులో ఇంటి మనిషి గొంతుతో చెప్పాలి. ఆయన శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా మాటకు అడ్డం రాలేదు. మంచి మనిషే అనుకున్నాను, పాపం అంత దూరం వచ్చాడు, ఉత్తగనే తిరిగి పోతాడు అనుకున్నాను. నా జాలి చూడండి.

ఇంటర్వ్యూ రోజు ఆయన వంతు వచ్చింది. పెద్దసారే అడిగారు, "మా పార్కుల ఏం మార్చాలె?" అని. ఆయన ముందుగా బయటి తిండి సంగతి ఎత్తాడు. భాకరి మూటలు, ముసలమ్మ, జీపు, అన్నీ చెప్పాడు. తర్వాత గాలిదుమారం, వెనుక నుంచి మూసే వరస, మజ్జిగ. నేను బల్ల కింద చేతులు గట్టిగా పట్టుకొని కూర్చున్నాను. ఆడిటరు తల ఊపుతున్నాడు. బ్యాంకాయన నోరు తెరుచుకొని వింటున్నాడు. పెద్దసారు మొహం వెలిగిపోతోంది.

ఆగలేకపోయాను. "ఇవన్నీ మీకు ఎవరు చెప్పారు?" అని అడిగాను.

దొరికిపోతాడనుకున్నాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. "మీరే కదా మేడం చెప్పారు. మీతో తిరిగిన ఒక్క రోజులో నేర్చుకున్నదే ఇదంతా" అని నవ్వాడు.

పెద్దసారు బల్ల మీద చెయ్యి కొట్టారు. "సూసిన్రా? మనోళ్ళు చెప్పింది ఇనే గుణం ఉన్నది. గిదే కావాలె నాకు."

చాలా ఏళ్ళు అదే బల్ల దగ్గర నేను ఆ మాటలు చెబితే "సూద్దాం బిడ్డా" అన్న మనిషి. చెప్పినదానికి విలువ లేదు, విన్నవాడికి మార్కులు పడ్డాయి. ఆయన దొంగిలించి ఉంటే తిట్టుకొని బతికేదాన్ని. నా పేరు చెప్పి మరీ తీసుకున్నాడు. ఏమని తిట్టను?

ఆయన బయటికి పోయాక ఒక్కొక్కరి అభిప్రాయం అడిగారు. ఆడిటరు బాగుందన్నాడు, బ్యాంకాయన బాగుందన్నాడు. పెద్దసారు నా వైపు తిరిగారు. "నీ మాట ఏంది బిడ్డా? నువ్వు సరే అంటెనే."

ఇదే ఆ ఘడియ అనుకోవడానికి కూడా లేదు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఆ కారణం ఒక్కటే ఉంది, దాన్ని నోటితో చెప్పడం మాకు రాదు.

"మంచోడే సార్" అన్నాను.

"ఇగ ఫికర్ లేదు" అన్నారు పెద్దసారు. "మా బిడ్డ ఎంచింది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇంటికి పోయి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే పెద్దసారు ఇంటికి పోయాను. ఆయన వరండాలో కూర్చొని చాయ్ తాగుతున్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి కూర్చోమనకముందే కూర్చున్నాను.

"సార్, ఒక మాట అడుగుత. గా కుర్సీకి నన్ను ఎందుకు అనుకోలే?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. నాటకమైతే నాకు తెలిసేది. చాయ్ కప్పు కింద పెట్టారు.

"నువ్వా? నువ్వు ఇంటి బిడ్డవు గదా. ఇంటోళ్ళకు ఇయ్యొద్దనే గదా బయటోన్ని తెచ్చింది. ఇంటి మనిషికి ఇస్తె మళ్ళ అదే లొల్లి."

"ఇంటి మనిషినైతే సార్, మీ కొడుకుల తోటి పాటు నా పేరు ఎప్పుడన్న వచ్చిందా?"

ఆయన రోడ్డు మీద పోయే పాలబండి వైపు చూశారు. "నువ్వు అడుగలే గదా బిడ్డా" అన్నారు.

"బిడ్డ అడిగితె బాగుంటదా సార్?"

పంచుకునేటప్పుడు నేను బయటిదాన్ని, కొత్తవాళ్ళను పెట్టేటప్పుడు ఇంటిదాన్ని. రెండు గుమ్మాల మధ్య నన్ను నిలబెట్టి, అది ప్రేమ అనుకున్నారు ఆయన. అది నిజంగా ప్రేమే, నేను కాదనడం లేదు. ఆ ప్రేమ మీదే నా కోపం. ఆయన లోపలికి చూసి భార్యను పిలిచి, "బిడ్డ అలిగింది, ఉత్త చేతుల తోటి పంపొద్దు" అన్నారు.

ఆ మాటకు అర్థం కొత్త సీఈఓ బాధ్యతలు తీసుకున్న రోజు తెలిసింది. పెద్దసారు ఇంట్లో భోజనాలు. ముందు హాల్లో కొత్తాయనకు శాలువా కప్పి, దండ వేసి, ఫోటోలు తీస్తున్నారు. పెద్దసారు భార్య నా చెయ్యి పట్టుకొని లోపలి గదిలోకి తీసుకుపోయింది. అక్కడ పీట వేసి ఉంది. పక్కన పెద్ద తాంబాళంలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పట్టుచీర, రవిక గుడ్డ. నాకు ఒడిబియ్యం పోస్తున్నారు. పుట్టింటివాళ్ళు పెళ్ళైన ఆడబిడ్డను పిలిచి, ఒడి నింపి, అత్తగారింటికి సాగనంపే మర్యాద అది. మా ఇళ్ళల్లోనూ పోస్తారు, పాస్టరమ్మ ప్రార్థన చేస్తుంది, కుంకుమ ఉండదు, అంతే తేడా.

"మీకు బొట్టు నడువది గదా బిడ్డా, పెట్టను తియ్యి" అంది ఆవిడ, ఎంతో మర్యాదగా. కొత్త చీర కట్టించి పీట మీద కూర్చోబెట్టింది. టికెట్ల దగ్గరి ఆడవాళ్ళను కూడా పిలిచినట్టున్నారు, చుట్టూ నిలబడ్డారు. ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు. ఆవిడ రెండు చేతులా బియ్యం తీసి నా కొంగులో పోస్తూ ఏడ్చింది. "సొంత బిడ్డ లేకపాయె నాకు. నువ్వే అనుకున్న. సారు మీద కోపం పెట్టుకోకు." ఆవిడ ఏడుపు చూస్తే నాకూ ఏడుపు వచ్చింది. అందరూ అది సంతోషం అనుకున్నారు. ముందు గదిలోంచి చప్పట్లు వినిపించాయి.

బియ్యం మూట నడుముకు కట్టుకొని లేచాను. "గిన్ని బియ్యం మా ఇంట్ల ఇడిసి పో బిడ్డా" అంది ఆవిడ, వంటింటి గిన్నె చూపిస్తూ. అదీ పద్ధతే, పుట్టిల్లు నిండుగా ఉండాలని. గుప్పెడు తీసి గిన్నెలో వేశాను. ఆ గది దాటి వస్తుంటే కొత్త సీఈఓ శాలువాతో ఎదురొచ్చాడు. నా ఒడిలో మూట చూసి చేతులు జోడించి, "మీ ఆశీర్వాదం కావాలి మేడం" అన్నాడు. ఇచ్చాను.

ఆయన ఇప్పటికీ ప్రతి నిర్ణయానికి ముందు నన్ను అడుగుతాడు. బయటి తిండి లోపలికి రానిస్తున్నారు. ఇచ్చోడలో ఆదివారాలు ఇసుక వేస్తే రాలనంత జనం. నేను ఇంకా జనరల్ మేనేజర్‌నే.

ఒడి నింపిన ఆ వారం చివర ఆ బియ్యం తీసుకొని బెల్లంపల్లి పోయాను. ఒడిబియ్యం ఎక్కడో ఒకచోట వండి పదిమందికి పెట్టాలి కదా. గుమ్మంలోనే మా అమ్మ, మేం అవ్వ అంటాం, పట్టుచీర చూసి మురిసింది, మూట విప్పి పసుపు బియ్యం చూసి ఆగిపోయింది. "ఒడిబియ్యం పోసిన్రా? గది బిడ్డను పంపేటప్పుడు పోసేది గదనే" అంది. నేను జరిగిందంతా చెప్పాను. కమిటీ, భాకరి మూటలు, మంచోడే సార్ అన్న మాట, పీట.

బాపు మంచం మీద కూర్చొని విన్నాడు. చర్చిలో ప్రార్థన చేయించిన మనిషి, ఆ ఆదివారం ఎలా పోవాలో అని ఆలోచిస్తున్నాడేమో అనుకున్నాను. ఆయన అడిగింది వేరే.

"కుర్సీ వానికిచ్చి నీకు బియ్యం పోసిన్రు. గప్పుడు నువ్వేమన్నవ్?"

"ఏమనలే బాపూ," అన్నాను. "కొంగు పట్టిన."

బాపు లేచి చొక్కా వేసుకొని బయటికి పోయాడు. అవ్వ ఆ పసుపు బియ్యానికి ఎసరు పెట్టింది.